అమెరికన్ల నవ్వు, బ్రిటిష్‌వాళ్ల మౌనం: ఏ నింద ఎక్కువ అన్యాయం?

"అమెరికావాళ్లది పైపై నవ్వు, లోపల ఏమీ ఉండదు" అని బ్రిటన్‌లో అంటారు. "బ్రిటిష్‌వాళ్లు బిగుసుకుపోయి ఉంటారు, పళ్లు బాగోవు, తిండి చప్పన" అని అమెరికాలో అంటారు. ముందు డాలస్‌లో, తర్వాత ఇంగ్లండ్‌లో రెడింగ్‌లో ఉన్నాను. రెండు నిందలూ రెండు చోట్లా విన్నాను.

పళ్ల సంగతి ముందే తేల్చేద్దాం. 2015లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం ప్రకారం, పెద్దవాళ్లలో ఊడిపోయిన పళ్ల సగటు ఇంగ్లండ్‌లో 6.97, అమెరికాలో 7.31. అమెరికాలో తెల్లటి పలువరస ఎక్కువ కనిపిస్తుందేమో గానీ, లెక్క మాత్రం ఇదీ.

తిండి మాట ఒకప్పుడు నిజమే. 1940 జనవరిలో మొదలైన రేషన్ 1954 జులై దాకా నడిచింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వెళ్లిన అమెరికన్ సైనికులు, గుడ్లకు బదులు గుడ్లపొడి వాడిన కాలం నాటి వంట తిన్నారు. ఆ రుచే వాళ్లకు గుర్తుండిపోయిందని నా అనుమానం. 2001లో విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలాను అసలైన బ్రిటిష్ జాతీయ వంటకం అన్నారంటే, ఆ వంటిల్లు ఎంత మారిందో చూడండి.

ఇక బిగుసుకుపోవడం. బ్రిటన్ వెళ్లే తమ సైనికుల చేతిలో 1942లో అమెరికా యుద్ధశాఖ ఒక చిన్న పుస్తకం పెట్టింది. వాళ్లు తక్కువ మాట్లాడితే మీరంటే ఇష్టం లేదనుకోకండి, నాలుగున్నర కోట్లమంది ఇరుక్కుని బతికే చిన్న దీవిలో ఎవరి ఏకాంతాన్ని వాళ్లు కాపాడుకుంటారు, పక్కవాడి జోలికీ పోరు అని అందులో చెప్పారు. ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేదనిపిస్తుంది నాకు.

అర్థం కాక నేనూ దెబ్బతిన్నాను. రెడింగ్‌లో నా మొదటి రిపోర్టు చూసి మేనేజర్ "క్వైట్ గుడ్" అన్నారు. అమెరికాలో ఆ మాటకు "చాలా బాగుంది" అని అర్థం. పొంగిపోయి ఇంట్లో కూడా చెప్పాను. రెండు రోజులకు ఆ రిపోర్టు నిండా దిద్దుబాట్లతో తిరిగొచ్చింది. ఆయన అన్నది మన "పర్లేదు" లాంటిది. అక్కడ నిజంగా నచ్చితే "నాట్ బ్యాడ్" అంటారని తర్వాత తెలిసింది. ఇంకోసారి స్టేషన్ మెట్ల దగ్గర పెద్ద సూట్‌కేసుతో నిలబడితే, ఒకాయన పలకరింపు కూడా లేకుండా రెండో వైపు పట్టుకుని పైదాకా మోసిపెట్టి, థ్యాంక్స్ చెప్పేలోపే వెళ్లిపోయాడు.

అమెరికన్ల మీద నింద అలాంటిది కాదు. "హౌ ఆర్ యూ" అంటారు, జవాబు వినకుండా వెళ్లిపోతారు, కాబట్టి అంతా నటన అని. మనం వీధిలో ఎదురైనవాళ్లను "భోంచేశారా?" అని అడగమా? లేదంటే వెంటనే విస్తరి వేస్తామా? అది పలకరింపు. దాన్ని నటన అని ఏ తెలుగువాడూ అనడు.

అందుకే ఈ నిందే ఎక్కువ అన్యాయం అంటాను. పళ్లు లెక్కపెట్టొచ్చు, కూర రుచి చూడొచ్చు. మౌనంగా ఉన్నాడనడం కంటికి కనబడిన నడవడిక మీద మాట. నవ్వు అబద్ధం అనడం మాత్రం మనసు మీద వేసే తీర్పు.

డాలస్‌లో మా పక్కింటావిడ కనబడినప్పుడల్లా "ఏం కావాలన్నా అడుగు" అనేది. ఊరికే అంటోందనుకున్నాను. మా పాప పుట్టిన మూడో రోజు తలుపు కొట్టింది. చేతిలో వేడి వేడి పాస్తా ఉన్న అల్యూమినియం ట్రే. మూత మీద అంటించిన చీటీలో పెద్ద అక్షరాలతో రాసుంది: మాంసం లేదు, గుడ్డు లేదు. మేం ఏం తింటామో ఎప్పుడో మాటల్లో ఒక్కసారి చెప్పానంతే.