కొండ ఊళ్లకు నీళ్లు: బోరా, ఊట పైపా, గ్రామసభ కాగితమా, ఏది మేలు?

ఏటా శివరాత్రి దాటి ఎండలు ముదిరేసరికి హైదరాబాద్ సంఘాల నుంచి ఒకటే ప్రశ్న. చర్చి మహిళా సమాజమో, మసీదు కమిటీయో, భజన మండలో కొంత డబ్బు పోగు చేస్తుంది. పాడేరు, అరకు వైపు కొండ మీది ఊరికి నీళ్లు ఇద్దామనుకుంటుంది. బోరు వేయిస్తే మంచిదా, ఊట నుంచి పైపు లాగితే మంచిదా అని అడుగుతారు. ఈ మధ్య ఇంకో ప్రశ్న కూడా తోడైంది: అక్కడ గనులు వస్తాయంటున్నారు కదా, మన డబ్బు నీళ్లకే పెట్టాలా, కొండను కాపాడుకునేవాళ్లకు ఇవ్వాలా?

నా అభిప్రాయం ముందే చెప్తాను. ఊరికి పైన మే నెలలో కూడా ఆరని ఊట ఉంటే బోరు కన్నా ఊట పైపే మేలు. అయితే ఆ ఊటకు నీళ్లిచ్చే కొండ మీద ఊరికి హక్కు పత్రం లేకపోతే, లేదా కనీసం దానికి దరఖాస్తు అయినా పడి ఉండకపోతే, పైపు వేసినా సగం పనే అయినట్టు. అందుకే మొదటి ఖర్చు కాగితానికి, రెండోది పైపుకు పెట్టమంటాను.

బోరు సంగతి. రిగ్గు లారీ ఎక్కే రోడ్డు లేనిదే బోరు లేదు. గర్భిణులను ఇంకా డోలీలో మోసుకొచ్చే ఊళ్లకు ఆ మాటే కుదరదు. రోడ్డు ఉన్నా అడుగున ఉండేది ఖొండలైట్ అనే గట్టి రాయి. కోందు గిరిజనుల పేరు మీదే ఆ రాయికి ఆ పేరు వచ్చింది. దానిలో నీరు పగుళ్లలోనే ఉంటుంది. పగులు తగిలితే నీళ్లు, తప్పితే దుమ్ము. నీళ్లు పడ్డాయనుకుందాం, ఇండియా మార్క్-2 బోరింగు బిగించారు. అది సుమారు 45 మీటర్ల లోతు దాకా పనికొస్తుంది. పాడయ్యేది ఎక్కువగా అడుగున సిలిండర్‌లోని వాషరే. వాషర్ ఖరీదు చాలా తక్కువ, కానీ దాన్ని మార్చాలంటే ఒక్కొక్కటీ 3 మీటర్లుండే పైపులు పదిహేను, వాటిలోని రాడ్లతో సహా పైకి లాగాలి. పనిముట్ల పెట్టె, చెయ్యి తిరిగిన మెకానిక్కు, మరో ముగ్గురు మనుషులు కావాలి. మెకానిక్కు మండల కేంద్రంలో ఉంటాడు. వానాకాలంలో గెడ్డ (కొండవాగు) పొంగితే వారాల తరబడి రాలేడు. బోరింగు మూలనపడేది ఇలాగే.

సోలార్ మోటారు పెడితే కొట్టే శ్రమ తప్పుతుంది, నిజమే. కానీ కంట్రోలర్ కాలిపోతే ఊళ్లో బాగుచేసేవాళ్లు ఉండరు. లోయలో, రోడ్డు పక్కన, పైన ఊట లేని ఊరైతే మాత్రం బోరే దిక్కు. అక్కడ వేరే ఆలోచన అక్కర్లేదు.

ఊట పైపు దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే తప్పులు జరిగేదీ ఇక్కడే. మొదటి పని కొలత. ఖాళీ పెయింటు డబ్బా, 20 లీటర్లది, ఊట కింద పెట్టి నిండడానికి పట్టే సమయం సెల్‌ఫోన్‌లో చూడండి. మూడుసార్లు చూసి సగటు తీయండి. దసరా సెలవుల్లో వెళ్లి కొలిస్తే ఆ లెక్క పనికిరాదు, ఏప్రిల్ ఆఖరున, మే నెలలో కొలవాలి. 100 సెకన్లలో నిండితే సెకనుకు 0.2 లీటరు, రోజుకు 17,280 లీటర్లు. జల్ జీవన్ మిషన్ లెక్క మనిషికి రోజుకు 55 లీటర్లు. 60 గడపలు, 300 మంది ఉన్న ఊరికి 16,500 లీటర్లు కావాలి. సరిపోతుంది, కానీ ట్యాంకు ఉంటేనే. రాత్రి 12 గంటల్లో వచ్చే 8,640 లీటర్లు పట్టుకోకపోతే తెల్లారి కుళాయి దగ్గర కొట్లాటే. అందుకని 10,000 లీటర్ల ట్యాంకు.

డబ్బా నిండడానికి ఆరేడు నిమిషాలు పట్టే ఊటైతే ఇంటింటికీ కుళాయి ఆశపెట్టొద్దు. చిన్న ఊరైతే ఒక ట్యాంకు, రెండు వీధి కుళాయిలతో ఆగండి.

ఊటను పెట్టెలో కట్టేటప్పుడు ఉత్సాహం కొద్దీ గోడ ఎత్తుగా లేపుతారు. అదే పెద్ద తప్పు. నీళ్లు సహజంగా బయటికొచ్చే కన్ను కంటే పెట్టెలో నీటిమట్టం పైకి వెళ్తే వెనక్కి ఒత్తిడి పడి, ఊట పక్కకు తప్పుకుని ఇంకోచోట తేలుతుంది. కాబట్టి పొంగునీటి గొట్టం ఎప్పుడూ కన్ను కంటే కిందనే పెట్టాలి. ఊట చుట్టూ గునపంతో నెమ్మదిగా తవ్వాలి, మందుగుండు పెట్టకూడదు. కన్ను దగ్గర గులకరాళ్లు పేర్చి, పైన బంకమన్ను కప్పి గట్టిగా తొక్కాలి. పైవైపు ఎనిమిది, పది మీటర్ల దూరంలో వాననీరు మళ్లించే కాలవ తీయాలి, పశువులు రాకుండా కంచె కట్టాలి. పొంగిన నీళ్లు తిరిగి గెడ్డలోకే వదలాలి. కింద ఇంకో ఊరు ఆ గెడ్డ మీదే బతుకుతోందని మర్చిపోవద్దు.

పైపు విషయానికొస్తే, 10 మీటర్ల ఎత్తుకు సుమారు ఒక కేజీ ఒత్తిడి. పీఎన్-6 రకం హెచ్‌డీపీఈ (నల్ల ప్లాస్టిక్) పైపు ఆరు కేజీలు ఓర్చుకుంటుంది, అంటే 60 మీటర్ల దిగువ దాకా. ఊటకూ ఊరికీ 110 మీటర్ల తేడా ఉంటే నడుమ ఒత్తిడి తెంపే చిన్న తొట్టి కట్టాల్సిందే. నీళ్లు పారుతున్నంతసేపు ఏమీ కాదు. రాత్రి కుళాయిలన్నీ కట్టేశాక పైపు మీద పూర్తి బరువు పడి పగులుతుంది. దారిలో పైపు ఎగుడుదిగుడుగా పోతే ఎత్తు దగ్గర గాలి చిక్కుకుని ధార ఆగిపోతుంది, అక్కడ ఎయిర్ వాల్వు పెట్టాలి. పల్లంలో మట్టి కడిగే వాల్వు. పైపును కనీసం రెండడుగుల లోతున పూడ్చాలి. రాయి అడ్డొచ్చి పూడ్చలేని చోట, గెడ్డ దాటే చోట ఇనుప జీఐ పైపే వేయాలి. పోడు కాల్చే రోజుల్లో నేల మీద నల్లపైపు ఉంటే కరిగిపోతుంది.

ఇవన్నీ ఊళ్లో ఇద్దరు కుర్రాళ్లు నేర్చుకోగలిగిన పనులే. కరెంటు అక్కర్లేదు, పదిహేను పైపులు పీకక్కర్లేదు. ఊట పైపుకు నా మొగ్గు అందుకే.

ఇక అసలు విషయం. గాలికొండ, రక్తకొండ, జెర్రెల లాంటి కొండల నెత్తిన బాక్సైటు, లాటరైటు పొర ఉంది. అది రంధ్రాల రాయి. ఆషాఢ, శ్రావణాల వానను తాగి దాచుకుని, కింద గట్టిరాయి తగిలిన చోట వాలులో ఊటగా విడుస్తుంది. వేసవిలో కూడా ధార ఆగదంటే ఆ పొర పుణ్యమే. తవ్వేవాళ్లకు కావలసింది కూడా ఆ పొరే. అది పోతే వాన నిలవదు, ఎర్రమట్టితో గెడ్డలోకి దూకి పోతుంది. మీరు కట్టిన పెట్టె, తొట్టి, వాల్వు అన్నీ బాగానే ఉంటాయి, నీళ్లుండవు. వానలు రోజుల తరబడి జల్లుగా కాకుండా ఒక్కసారిగా కుండపోతగా పడే ఈ కాలంలో ఆ పొర అవసరం ఇంకా పెరిగింది. ఈ వాతావరణం చెడడంలో ఆ కొండవాళ్ల పాలు ఎంత? మన కార్లు, ఏసీల పాలు ఎంత? నగరం ఇచ్చే డబ్బును నేను దానం అనను, బాకీ అంటాను.

ఈ కొండల మీద చట్టం వాళ్ల పక్షాన లేకపోలేదు. అనంతగిరి మండలం గనుల లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసులో 1997 జూలైలో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని చెప్పింది. అయినా 2015లో జెర్రెల బాక్సైటు కోసం జీవో 97 వచ్చింది. ఊళ్లు కదిలాక ఆగింది, 2019లో రద్దయింది. అంటే తీర్పు ఉన్నంతమాత్రాన కొండ క్షేమమని అనుకోకూడదు.

ఒడిశాలో వేదాంత కంపెనీ బాక్సైటు తవ్వాలనుకున్న నియమగిరి కొండ ఇంకా గట్టి పాఠం. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, తవ్వకం తమ పూజా హక్కులను దెబ్బతీస్తుందో లేదో గ్రామసభలే తేల్చాలంది. ఆ ఏడాది జూలై, ఆగస్టుల్లో 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. తమ దేవుడు నియమరాజు ఆ కొండ మీద ఉన్నాడన్న డొంగ్రియా కోందుల నమ్మకం కోర్టులో నిలిచింది. మతసంస్థలు గనుల విషయంలో ఏం చేయాలని అడిగేవాళ్లకు నేను ఇది గుర్తుచేస్తాను: అక్కడ కొండను నిలబెట్టింది కొండవాళ్ల విశ్వాసమే. నగరపు గుడి, చర్చి, మసీదు చేయగలిగింది ఆ విశ్వాసానికి కాగితం, ప్రయాణ ఖర్చు, వకీలు అందించడం.

చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్ 2010లో ఆ వేదాంత కంపెనీలో తనకున్న వాటాలు అమ్మేసింది. మంచి పనే. కానీ మన కమిటీల దగ్గర అమ్మడానికి వాటాలు సాధారణంగా ఉండవు, ఆ దారిని ఇక్కడితో వదిలేద్దాం.

కాగితం అంటే ఏమిటి? 2006 అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ అటవీ హక్కుల కమిటీని ఎన్నుకుంటుంది, 10 నుంచి 15 మంది, మూడోవంతు ఆడవాళ్లు. సామూహిక హక్కులకు ఫారం-బి, అడవిని కాపాడి నిర్వహించుకునే హక్కుకు ఫారం-సి. సాక్ష్యాలు కనీసం రెండు కావాలి. పాత బావులు, శ్మశానాలు, దేవతల చోట్లు కూడా సాక్ష్యమేనని నిబంధనల్లో ఉంది. ఊట కన్ను, కొండదేవత చెట్టు, వాటికి పైనున్న గట్టు, అన్నీ ఫోన్‌లో జీపీఎస్‌తో గుర్తించి పటంలో వేయాలి. తీర్మానం నిలవాలంటే గ్రామసభకు సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి. ఎక్కువ దరఖాస్తులు దెబ్బతినేది ఇక్కడే: సంతకాల పేజీ అసంపూర్తిగా ఉంటుంది, లేదా సబ్ డివిజన్ కమిటీకి ఇచ్చినట్టు రసీదు ఉండదు. రసీదు లేని దరఖాస్తు ఇవ్వనట్టే లెక్క.

అదే చట్టంలో 3(2) సెక్షన్ పైపు పనికీ ఉపయోగం. ప్రభుత్వ నిర్వహణలో ఉండే తాగునీటి పైపులకు గ్రామసభ సిఫారసుతో హెక్టారు లోపు అటవీ భూమి వాడుకోవచ్చు, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టనంతవరకు. ఇది తెలియక పైపులు దింపాక అటవీ సిబ్బంది ఆపితే పని నెలలకొద్దీ నిలిచిపోతుంది. ఒకే గ్రామసభలో రెండు తీర్మానాలూ చేయించండి.

ఆర్వో ప్లాంటు వద్దు. కొండ ఊటలో ఉప్పు తక్కువే, బాధ సూక్ష్మజీవులతో. ఆర్వో సగానికి పైగా నీళ్లు పారబోస్తుంది, కరెంటు కూడా అడుగుతుంది. 10,000 లీటర్ల ట్యాంకులో 25 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడరు 40 గ్రాములు కలిపి గంట ఆగితే చాలు. ట్యాంకర్లు, సీసాలు వరదలప్పుడు సరే.

ఊటకు పైన కందకాలు తవ్వి వాన ఇంకించడం మంచి తోడు. సిక్కింలో 2008 నుంచి ధారా వికాస్ పేరుతో అదే చేస్తున్నారు. రాతిపొర వాలును బట్టి ఊటకు నీళ్లు పక్క లోయ నుంచి కూడా రావచ్చు, కాబట్టి భూగర్భం తెలిసినవాళ్లను ఒకసారి నడిపించి చూపించాకే పార పట్టండి.

డబ్బు దగ్గర కొన్ని జాగ్రత్తలు. విదేశీ విరాళాలైతే 2020 సవరణ తర్వాత ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు, మీరే ఖర్చు పెట్టాలి. జకాత్‌ను బావులకు, పైపులకు వాడొచ్చా అన్నదానిపై ఉలమాల్లో భిన్నాభిప్రాయాలున్నాయి, సదఖా జారియాకు (నిలిచి ఉండే మేలు కోసం ఇచ్చే దానం) ఆ చిక్కు లేదు. దేవాదాయ శాఖ కింద ఉన్న గుడి హుండీ డబ్బు అనుమతి లేకుండా కదలదు, భక్త బృందం విడిగా పోగుచేసుకోవడమే సులువు. ఎవరి డబ్బైనా సరే, కుళాయి చర్చి ఆవరణలోనో గుడి ముందో పెట్టకండి. సగం ఊరు ఆ నీళ్లు ముట్టడం మానేస్తుంది. గ్రామసభ చూపిన ఉమ్మడి చోటే సరైంది, ట్యాంకు మీద ఊరి పేరు రాస్తే చాలు.

2019లో నల్లమల యురేనియం మాట వచ్చినప్పుడు హైదరాబాద్ ఉలిక్కిపడింది, ఆ సెప్టెంబరులో శాసనసభ తీర్మానం కూడా చేసింది. మన కుళాయిల్లో చాలావాటికి వచ్చేది కృష్ణ నీళ్లు, కృష్ణ ఆ కొండల నడుమ నుంచే వస్తుంది. పాడేరు కొండల నీళ్లు మన ఇంటికి రావు. అంత దూరపు ఊటను కూడా అంతే మనదిగా చూడగలమా అన్నదే కమిటీలు కూర్చుని మాట్లాడుకోవలసింది.

ఈ ఏడాది చేయదలిస్తే వరస ఇది. మే నెలలో కొలత, వానలు ముదరక ముందే గ్రామసభ, రెండు తీర్మానాలు, ఫారాలు, రసీదు. నవంబరులో పైపు పని మొదలుపెట్టి పోడు మంటలకు ముందే పూడ్చేయండి. డబ్బా నిండిన సెకన్లు రాసిన నోటుపుస్తకం మాత్రం మీతో హైదరాబాద్ తెచ్చుకోకండి, ఊళ్లోనే ఉంచండి. పై ఏడు మే నెలలో కొలిచేది వాళ్లే, ధార తగ్గితే ఆ పుస్తకం పట్టుకుని కలెక్టరు ముందు నిలబడేదీ వాళ్లే.