వంటగట్టుకు ఏ రాయి మేలు? టెక్కలి గ్రానైట్, క్వార్ట్జ్, కడప బండ: బరంపురం వైపు ఇళ్ల లెక్క

పోపు కడాయిని పొయ్యి మీంచి దించాక చేతికి ఏది దగ్గరైతే అక్కడ పెట్టేస్తాం. గట్టుకి రాయి చూడబోయేటప్పుడు షాపులో లైట్ల కింద మెరుపు చూసి మురిసిపోకుండా ఈ ఒక్క అలవాటు గుర్తుంచుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే. పోపు నూనె సులువుగా 180 డిగ్రీలు దాటేస్తుంది. క్వార్ట్జ్ పలకలో రాతిపొడిని పట్టి ఉంచే రెసిన్ సుమారు 150 డిగ్రీల దగ్గరే దెబ్బతినడం మొదలవుతుంది. గ్రానైట్‌కి ఆ వేడి ఒక లెక్క కాదు.

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పాత వంటగది మార్చేవాళ్ల ముందు ముఖ్యంగా మూడు దారులున్నాయి: టెక్కలి వైపు గ్రానైట్, ఫ్యాక్టరీలో తయారయ్యే క్వార్ట్జ్, మన అమ్మమ్మల కాలం నుంచీ ఉన్న కడప బండ.

గ్రానైట్

శ్రీకాకుళం జిల్లా టెక్కలి చుట్టుపక్కల తవ్వే నీలి గ్రానైట్‌ని కొందరు వైజాగ్ బ్లూ అంటారు, కొందరు శ్రీకాకుళం బ్లూ అంటారు. బూడిద నీలం మీద అలలు, మధ్యలో ఎర్రటి చుక్కలు. ఆ చుక్కలు గార్నెట్, అదేమీ లోపం కాదు. పర్లాకిమిడి వాళ్లకి టెక్కలి పక్కనే. బరంపురం వాళ్లు ఇచ్ఛాపురం దాటి హైవే మీద దిగితే చాలు. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చే బ్లాక్ గెలాక్సీ మాత్రం దూరం సరుకు, ధర కూడా ఆ మేరకే ఉంటుంది.

గ్రానైట్‌లో క్వార్ట్జ్, ఫెల్‌స్పార్ ఖనిజాలు కాఠిన్యం స్కేలు మీద 6, 7 దగ్గర ఉంటాయి. కూరగాయల కత్తి అయిదున్నర చుట్టూ ఉంటుంది. అంటే గట్టు మీదే తరిగితే అరిగేది కత్తే. చింతపండు, నిమ్మకాయ, పెరుగు దాన్ని ఏమీ చేయలేవు. దాని బలహీనత నూనె. లేత రంగు గ్రానైట్ నూనెని పీల్చుకుంటుంది. ఆవనూనె వాడే ఇంట్లో డబ్బా పెట్టే చోట ఏడాదిలో గుండ్రటి నల్ల మరక కనబడుతుంది. నూనె మరక పడితే తినే సోడాని నీళ్లతో ముద్దలా కలిపి అర అంగుళం మందాన పట్టించి, ప్లాస్టిక్ కాగితం కప్పి 24 గంటలు వదిలేయాలి. ఒక్కసారికి పోదు, రెండు మూడుసార్లు చేయాలి.

కొనేముందు షాపులోనే మూడు పనులు చేయండి. పలక మీద చెంచాడు నీళ్లు పోసి పదిహేను నిమిషాలు ఆగండి. తుడిచాక అక్కడ రంగు ముదిరి ఉంటే రాయి పీల్చే రకం, సీలర్ (రంధ్రాలు మూసే పూత) కొట్టక తప్పదు. నల్ల గ్రానైట్ అయితే నెయిల్ పాలిష్ తీసే ద్రవంలో తెల్లగుడ్డ ముంచి గట్టిగా రుద్దండి. గుడ్డ నల్లబడితే బూడిద రంగు రాయికి రంగు పట్టించి అమ్ముతున్నారన్నమాట. ఒక మూల నిమ్మరసం చుక్క వేసి చూడండి. పది నిమిషాల్లో అక్కడ మెరుపు చస్తే అందులో సున్నపు అంశ ఉంది, దాన్ని గ్రానైట్ అని అమ్మినా గ్రానైట్ కాదు. షాపు కుర్రాడు "ఏటీ అవదండీ" అన్నా సరే, ఆ చుక్క వేసే రండి.

క్వార్ట్జ్

ఇందులో సుమారు తొంభై శాతం పైగా క్వార్ట్జ్ పొడి, మిగతాది రెసిన్, రంగు. సూక్ష్మ రంధ్రాలు లేవు కాబట్టి సీలర్ అక్కర్లేదు. పసుపు, బీట్‌రూట్, ఆవకాయ నూనె వెంటనే తుడిస్తే పోతాయి. పలక పలకకీ రంగు ఒకేలా ఉంటుంది, తెల్లటి వంటగది కావాలనుకునేవాళ్లు దీని వెంట పడేది అందుకే. ఈ గుణాలన్నీ నిజమే, కాదనడానికి లేదు.

దెబ్బ ఎక్కడంటే పొయ్యి పక్కన. వేడి గిన్నె పెట్టిన చోట గోధుమ రంగు వలయం పడుతుంది, ఆ మచ్చ పాలిష్‌కి పోదు. ఒక్కోసారి ఒకచోట వేడి, పక్కనే చల్లదనం వల్ల రాయి ఫట్‌మని చీలుతుంది. కిటికీ ఎండ నేరుగా పడే చోట ఏళ్లు గడిచేకొద్దీ తెలుపు పసుపు తిరుగుతుంది. ధర మామూలు గ్రానైట్ కంటే ఎక్కువే. జత చేసిన చోట అతుకు బాగా కనబడకుండా కుదురుతుంది, అది దీనికే ఉన్న సుగుణం.

ఇంకో మాట. క్వార్ట్జ్‌ని మీ ఇంట్లో పొడిగా కోయనివ్వకండి. ఆ దుమ్ములో సిలికా చాలా ఎక్కువ, ఊపిరితిత్తులకి సిలికోసిస్ తెస్తుంది. ఈ కారణంతోనే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఈ రకం పలకల్ని నిషేధించింది. గ్రానైట్ దుమ్ము కూడా మంచిది కాదు. ఏదైనా నీళ్లు పోస్తూనే కోయాలి, మాస్కు ఉండాలి. వంటింట్లో కోతలు పెట్టించకుండా షాపులోనే కోయించి తెప్పించుకోవడం మేలు.

కడప బండ

నల్ల సున్నపురాయి, అన్నింటికంటే చవక. పాత గట్లన్నీ ఇదే. చింతపండు పులుసు ఒలికితే తెల్లటి మచ్చ, నిమ్మచెక్క పెడితే తెల్లటి మచ్చ. నూనెతో తుడిస్తే ఆ పూటకి నల్లగా మెరుస్తుంది, అంతే. పై పలకగా ఇప్పుడు దీన్ని ఎంచుకోవద్దు. కానీ గ్రానైట్ కింద అడుగు పలకగా, అరలుగా దీన్ని మించింది లేదు. తీర ప్రాంతపు తేమకి, తుఫాను నీటికి ఉబ్బదు, కుళ్లదు. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ ఏం చేశాయో గంజాం, గజపతి జిల్లాల వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. పార్టికల్ బోర్డు కప్‌బోర్డులు ఒక్కసారి తడిస్తే అడుగు ఉబ్బి పైనున్న రాయి ఒక పక్కకి కుంగుతుంది, అప్పుడు చీలిక ఖాయం. ఇటుక గోడలు, వాటిమీద కడప బండ, ఆపైన గ్రానైట్ అనే పాత పద్ధతి ఈ ప్రాంతానికి ఇప్పటికీ సరిగ్గా సరిపోతుంది. తలుపులు మాత్రం కొత్త తరహాలో పెట్టుకోండి.

మిగతావి

మార్బుల్ వద్దు, పులుపు తగిలితే అయిపోయింది. నానో వైట్ అనే గాజు రకం తయారీ పలక చూడ్డానికి మంచులా ఉంటుంది గానీ అంచు పెచ్చు ఊడితే అతకదు. స్టీలు గట్టు హోటళ్లకి. ఇంటికి కావాలంటే 304 గ్రేడు స్టీలే తీసుకోండి, గోపాలపూర్ సముద్రపు గాలికి 202 గ్రేడు త్వరగా తుప్పుమచ్చలు పడుతుంది. గుజరాత్‌లోని మోర్బీ నుంచి వచ్చే 15 మిల్లీమీటర్ల పోర్సలీన్ పలక వేడికీ మరకకీ బాగా ఆగుతుంది. దాని ఇబ్బందల్లా అంచు కోత దగ్గరే. సరైన బ్లేడు, ఓపిక ఉన్న మేస్త్రి దొరికితేనే దాని జోలికి వెళ్లండి.

ఎంత కావాలి, ఎక్కడ చెడుతుంది

ఒక పక్క 10 అడుగులు, ఇంకో పక్క 6 అడుగులు ఉన్న ఎల్ ఆకారపు గట్టు, లోతు 2 అడుగులు అనుకుందాం. 10×2, మూల రెండుసార్లు లెక్కకి రాకుండా 4×2, మొత్తం 28 చదరపు అడుగులు. వృథాకి పది పదిహేను శాతం కలిపితే 31 నుంచి 32. ముందు అంచు 8 అడుగులు, 4 అడుగులు కలిపి 12 రన్నింగ్ అడుగులు. మోల్డింగ్ (అంచు గుండ్రంగా నునుపు చేసే) కూలి ఈ 12 అడుగులకే పడాలి. గోడ వైపు అంచుకి కూడా లెక్క వేస్తే ఒప్పుకోకండి. రాయి, అంచు, సింకు కోత, స్టవ్ కోత, బిగింపు, రవాణా విడివిడిగా రాయించుకోండి. టెక్కలి నుంచి ఒడిశాలోకి సరుకు దాటేటప్పుడు విలువ 50 వేల రూపాయలు మించితే ఈ-వే బిల్లు (జీఎస్టీ రవాణా పత్రం) ఉండాలి.

18 మిల్లీమీటర్ల గ్రానైట్ చదరపు అడుగుకి సుమారు నాలుగున్నర కిలోలు తూగుతుంది. 10 అడుగుల ముక్క 90 కిలోలు. మేడమీద వంటగది అయితే మెట్ల మలుపులో ఆ ముక్క తిరుగుతుందో లేదో ముందే టేపు పెట్టి కొలవండి.

గట్లు ఎక్కువగా చీలేది సింకు, స్టవ్ కోతల దగ్గర. గ్రైండరుతో నాలుగు గీతలు గీసి మూలలో బ్లేడుని కాస్త ముందుకి పోనిస్తారు. ఆ దాటిపోయిన గీతే రేపటి చీలిక. మూలలో ముందు డ్రిల్లుతో గుండ్రటి రంధ్రం వేసి, ఆ రంధ్రం దాకా మాత్రమే కోయాలి. కోతకి ముందూ వెనకా కనీసం 2 అంగుళాల రాయి మిగలాలి, ఇంకొంచెం ఉంటే మంచిదే. అతుకు ఎప్పుడూ కోత మీదికి రాకూడదు, ఎల్ మూలలో పెట్టించండి. సింకు, స్టవ్ చేతికి వచ్చాకే కోత. క్యాటలాగ్ కొలతలు నమ్మి కోస్తే ఆ పావు అంగుళం తేడా తర్వాత సిలికాన్‌తో పూడ్చుకోవాల్సి వస్తుంది.

ముందు అంచు కింద, చివర నుంచి అర అంగుళం లోపలికి సన్నటి గాడి గీయమనండి. ఒలికిన నీరు ఆ గాడి దగ్గరే రాలిపోతుంది, కప్‌బోర్డు తలుపు మీదికి పాకదు. ఈ చిన్న పని అడగనిదే ఎవరూ చేయరు. గోడకీ రాయికీ మధ్య 3 మిల్లీమీటర్లు వదిలి, బూజు పట్టని న్యూట్రల్ సిలికాన్ పెట్టించండి. లేత రంగు రాయి కింద మామూలు సిమెంటు వేస్తే తేమ పైకి నల్లగా కనబడుతుంది, తెల్ల టైల్ అడ్హెసివ్ వాడమనండి.

స్టాండు స్టవ్ తీసేసి గట్టులో బిగించే హాబ్ పెడుతున్నట్టయితే ఎత్తు కూడా చూసుకోండి. వంట చేసే మట్టం నాలుగైదు అంగుళాలు దిగిపోతుంది. పాత గట్టు 32 అంగుళాలుంటే హాబ్‌కి అది నడుం నొప్పి. పాత బండ గట్టిగా ఉంటే తియ్యకుండా దానిమీదే కొత్త రాయి పరిస్తే ఒక అంగుళం ఎలాగూ కలిసొస్తుంది.

రోజూ రెండు పూటలా వంట, నెలకోసారి పిండివంటలు ఉండే ఇంటికి ముదురు రంగు టెక్కలి గ్రానైట్, కింద కడప బండ: మా ఓటు ఇదే. తెలుపు మీద మనసైతే పొయ్యికి అటూ ఇటూ రెండేసి అడుగులు గ్రానైట్ పెట్టి, మిక్సీ, కాఫీ సామాను ఉండే వైపు మాత్రం క్వార్ట్జ్ వేయించుకోండి.

బిగించిన రోజు సిమెంటు మరకలు పోవడానికి మేస్త్రి యాసిడ్ సీసా తీస్తాడు. పోయనివ్వకండి. ఆ ఆవిరికే స్టీలు సింకు, కుళాయిలు మచ్చలు పడతాయి, రాతిలో ఇనుము ఉంటే తుప్పు చారలు తేలతాయి. తడి గుడ్డ, ప్లాస్టిక్ గీకుడు బిళ్ల చాలు. అతుకులో పెట్టిన ఎపాక్సీ జిగురుకి 24 గంటలు ఇచ్చి, ఆ తర్వాతే రుబ్బురోలు గ్రైండరు ఎక్కించండి.