పాత బీటిల్‌కు కొత్త పెట్రోల్ ట్యాంక్: ఏడేళ్లు వాడాక

ఇరవై నిమిషాలు బంగారంలా నడిచేది. ఆ తర్వాత వేగం అందుకోగానే మిస్సింగ్ మొదలై, రెండు మూడుసార్లు కుదిపి ఆగిపోయేది. పక్కకు తీసి పది నిమిషాలు ఆగితే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్ అయ్యేది. నా 1970 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ నెలల తరబడి నన్ను ఇలాగే తిప్పలు పెట్టింది. ఇంజిన్‌కు నిప్పురవ్వ అందించే కాయిల్ మార్చాను, పెట్రోల్ పంపు మార్చాను, కార్బురేటర్ రెండుసార్లు విప్పి కడిగాను. వేడికి పైపులోనే పెట్రోల్ ఆవిరైపోతోందేమోనన్న అనుమానంతో ఇంజిన్ దగ్గరి గొట్టాలకు వేడి తగలకుండా చుట్టాను.

తప్పు వీటిలో దేనిదీ కాదు. అంతకు మూడేళ్ల ముందు ట్యాంక్ లోపల నేనే పోసిన కోటింగ్ పెచ్చులుగా ఊడుతోంది. పంపు లాగుతున్నంతసేపు ఆ పెచ్చు వెళ్లి ట్యాంక్ అడుగున ఉన్న జాలికి అతుక్కుంటుంది. ఇంజిన్ ఆగి లాగుడు తగ్గగానే ఊడి కిందపడుతుంది. అందుకే ఆ పది నిమిషాల విశ్రాంతి పనిచేసేది. మీ పాత కారు ఇదే పద్ధతిలో ఆగుతుంటే, కాయిల్ కొనడానికి ముందు ట్యాంక్ మూత తీసి టార్చి వేసి చూడండి. నేను ఆ పని మొదటే చేసి ఉంటే అంత టెన్షన్ పడేవాణ్ని కాదు.

అసలు కోటింగ్ ఎందుకు పోశానో చెప్పాలి. కారు నా చేతికి వచ్చేసరికి చాలాకాలంగా కదలకుండా ఉంది. ట్యాంకులో కొంచెం పెట్రోల్ మిగిలి, అది బంకలా మారి, వార్నిష్ వాసన కొడుతోంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో పగలు వేడికి, రాత్రి చలికి గాలిలోని తేమ లోపలి గోడల మీద నీటిబొట్లుగా మారుతుంది. నీరు పెట్రోల్ కన్నా బరువు కాబట్టి అడుగుకు చేరి అక్కడే తినడం మొదలుపెడుతుంది. ఆ కాలపు ట్యాంకులు చాలావాటికి సీసం, తగరం కలిపిన పూత వేసిన ఉక్కు రేకు వాడేవారు. ఆ పూత ఉన్నంతకాలం రేకు గట్టిగానే ఉంటుంది. ఒకచోట పోయిందంటే అక్కడి నుంచి తుప్పు పాకిపోతుంది.

ఇప్పటి పెట్రోల్‌లో కలిసే ఇథనాల్ దీన్ని మరింత ముదరబెడుతుంది. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. పది శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్ మామూలు ఉష్ణోగ్రతలో సుమారు అర శాతం నీటిని తనలో కలుపుకోగలదు. అంటే 20 లీటర్లకు దాదాపు 100 మిల్లీలీటర్లు. అది దాటితే నీరు, ఇథనాల్ కలిసి విడిపోయి అడుగున ఒక పొరగా దిగుతాయి. నెలల తరబడి కదలని కారులో జాలి చుట్టూ చేరి కూర్చునేది ఆ పొరే.

అప్పట్లో పాత ట్యాంకునే కాపాడుకోవాలని నాకు పట్టుదల. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన వస్తువు కదా, వదలబుద్ధి కాలేదు. లోపల నట్లు, బోల్టులు, గొలుసుముక్కలు వేసి గంటల తరబడి దొర్లించాను. ఆసిడ్‌తో కడిగాను, ఆరబెట్టాను, రెండు ద్రవాలు కలిపి వాడే, ఆరాక గట్టి పూతగా మారే ఎపాక్సీ సీలర్ పోసి అన్ని వైపులకూ తిప్పాను. మొదటి రెండేళ్లూ చాలా తృప్తిగా ఉంది. అడిగినవాళ్లందరికీ అదే చెయ్యమని చెప్పాను కూడా. మూడో ఏడు జరిగింది పైన చెప్పాను. తర్వాత ఆ ట్యాంకును కోయించి చూస్తే విషయం అర్థమైంది. నున్నటి చోట కోటింగ్ గట్టిగానే ఉంది. పైరేకు, కిందిరేకు కలిసే అతుకు వెంబడి మాత్రం పాత బంక అలాగే ఉండిపోయింది. దాని మీద పోసిన సీలర్ ఏ రోజూ రేకుకు పట్టలేదు. చెయ్యీ చూపూ చేరని చోటును శుభ్రం చేశానని నమ్మడమే ఈ పద్ధతిలోని అసలు లోపం. వాడిన సీలర్ మంచిదా కాదా అన్నది ఆ తర్వాతి మాట.

అప్పుడు కొత్త ట్యాంక్ కొన్నాను. పాత కొలతలకే తయారుచేసిన ఉక్కు ట్యాంక్, సుమారు 40 లీటర్లు పడుతుంది. ఇప్పటికి ఏడేళ్లయింది.

బీటిల్‌లో ట్యాంక్ ముందు డిక్కీలో, స్టెప్నీకి వెనకగా, కాళ్లు పెట్టుకునే చోటుకు ముందుగా పడుకుని ఉంటుంది. నాలుగు మూలలా నాలుగు బోల్టులు, వాటి కింద బిళ్లలు. పెట్రోల్ పోసే మెడ గొట్టం, సన్నని గాలి గొట్టం, మీటరు వైరు, కింద నుంచి వెళ్లే పెట్రోల్ హోస్. ఇవి విప్పితే ట్యాంక్ పైకి వచ్చేస్తుంది. పని చిన్నదే. కానీ ట్యాంక్ ఎత్తులో ఉంటుంది కాబట్టి కింది హోస్ పీకగానే పెట్రోల్ తనంతట తానే ధారగా కారుతుంది. ముందుగా డబ్బాలోకి దింపుకోవాలి. నిండు ట్యాంకులో 30 కిలోల దాకా పెట్రోలే ఉంటుంది, దానితో సహా ఎత్తే ఆలోచన వద్దు. బ్యాటరీ వైరు తీసేయాలి. పెట్రోల్ ఆవిరి గాలి కన్నా బరువు, నేలంటి పాకి దూరంగా ఉన్న మంటను కూడా అందుకుంటుంది. కాబట్టి గుంటలోనో మూసిన గదిలోనో కాకుండా ఆరుబయటే చెయ్యాలి. ఖాళీ అయిన ట్యాంక్ నిండు ట్యాంక్ కన్నా ప్రమాదకరం. లోపల మిగిలేది గాలి కలిసిన ఆవిరి, పేలడానికి కావలసింది అదే. పాత ట్యాంకుకు వెల్డింగ్ పెట్టడానికి ఒప్పుకునే మేస్త్రీ దొరికినా మీరు ఒప్పుకోకండి. కడిగి, ఆవిరి పూర్తిగా పోగొట్టే ఏర్పాటు ఉన్న చోటనే ఆ పని జరగాలి.

కొత్తది అచ్చుగుద్దినట్టు కూర్చుంటుందని ఆశపడ్డాను. కూర్చోలేదు. ఒక మూల అంచు ఒకటి రెండు మిల్లీమీటర్లు పైకి లేచింది. బోల్టుతో లాగి బిగించేద్దామని చెయ్యి వెళ్లింది గానీ, అలా బిగిస్తే రేకు ఎప్పుడూ లాగుడు మీదే ఉండి అతుకు దగ్గర చిట్లుతుంది. ట్యాంక్ తీసి, కింద అంచు చుట్టూ వేసే పట్టీని ఆ మూల కాస్త మందంగా వేసి కూర్చోబెట్టాను. రేకు కూడా పాతదానికన్నా పలచనే. ఎండలో వేడెక్కి చల్లబడేటప్పుడు టంగుమని ఒక శబ్దం వస్తుంది. మొదట్లో ఉలిక్కిపడేవాణ్ని, ఇప్పుడు అలవాటైంది. బిగించేముందు కింది వైపు, అంచుల మీద ఎపాక్సీ ప్రైమర్, దాని మీద రాళ్ల దెబ్బలను ఆపే మందపాటి పెయింట్ వేశాను. పైపైన నల్లరంగు వేసి వచ్చిన కొత్త ట్యాంకును అలాగే బిగించకండి. నీరు నిలిచేది పట్టీ కిందే, తుప్పు కంటపడకుండా మొదలయ్యేదీ అక్కడే.

మీటరు సంగతి కొంచెం విడమర్చి చెప్పాలి, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ట్యాంకులోని ఫ్లోటు లేచి దిగుతుంటే దానికి తగిలించిన సెండర్ అనే పరికరంలో విద్యుత్ నిరోధకత (ఓమ్‌లలో కొలిచేది) మారుతుంది, దాన్ని బట్టి డ్యాష్‌బోర్డులో ముల్లు కదులుతుంది. ఈ అంకెలు అన్ని కార్లకూ ఒకటి కావు. పాత ఫోర్డ్ కార్లలో ఖాళీకి 73 ఓమ్‌లు, నిండుకు 10. 1960ల మధ్య నుంచి 1990ల దాకా వచ్చిన చాలా జనరల్ మోటార్స్ కార్లలో తలకిందులుగా ఖాళీకి 0, నిండుకు 90. విడిగా అమ్మే మీటర్లలో చాలావాటికి ఖాళీకి 240, నిండుకు 33. ట్యాంకుతో పాటు వచ్చిన సెండర్‌ను చూడకుండా బిగిస్తే, నిండు ట్యాంకుకు సగం చూపించవచ్చు, లేదా ముల్లు తిరగబడి కదలవచ్చు. నేను పాత సెండర్‌నే శుభ్రం చేసి, కొత్త గాస్కెట్ వేసి పెట్టాను. ఎర్త్ వైరు విడిగా లాగాను. కొత్త ట్యాంకుకు చుట్టూ పెయింట్, కింద రబ్బరు ఉండటం వల్ల బాడీకి ఎర్త్ సరిగా అందక ముల్లు ఊగుతుంది.

తర్వాత ఐదేసి లీటర్లు కొలిచి పోస్తూ ప్రతిసారీ ముల్లు ఎక్కడుందో కాగితం మీద రాసుకున్నాను. దానికి పట్టిన సమయం ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడింది. నా కారులో ముల్లు పావు దగ్గరికి వచ్చిందంటే మిగిలింది పది లీటర్లు కాదు, ఆరు. కొత్త ట్యాంక్ అడుగు ఆకారంలో ఉన్న కాస్త తేడాయే దీనికి కారణమని నా అభిప్రాయం. 1960ల మొదలు వరకు వచ్చిన చాలా బీటిల్స్‌లో అసలు పెట్రోల్ మీటరే ఉండేది కాదు. కారు ఆగబోతుంటే కాలి దగ్గరి మీట తిప్పి రిజర్వులోకి మారేవారు. వాళ్లతో పోలిస్తే నా కాగితం చాలా నయం.

కొత్త ట్యాంక్ బిగించిన మూడో ఏడాది ఒక చిక్కు వచ్చింది. మూత తియ్యగానే లోపలికి గాలి బుస్సుమని పీల్చుకునేది. ఎక్కువ దూరం వెళ్తే ఇంజిన్ శక్తి తగ్గేది. మళ్లీ పెచ్చులేనేమోనని గుండె జారిపోయింది. చూస్తే గాలి గొట్టం కొసలో కందిరీగ మట్టితో గూడు కట్టింది. పెట్రోల్ బయటికి పోయినంత గాలి లోపలికి రావాలి, రాకపోతే పంపు శూన్యంతో పోరాడుతుంది, పలచని రేకు లోపలికి సొట్టపడుతుంది కూడా. అప్పటి నుంచి ఏటా ఆ గొట్టాన్ని ఊది చూస్తాను. ఇంకో ఏడాది పెట్రోల్ నిండుగా పోయించిన రోజునే, మలుపులు తిరిగేటప్పుడు లోపల వాసన వచ్చేది. ట్యాంక్ చిల్లుపడిందనుకున్నాను. పాతదే వదిలేసిన మెడ గొట్టం మడత దగ్గర బీటలు వారింది. ట్యాంకుతో పాటు ఆ గొట్టాన్నీ మార్చి ఉండాల్సింది. ట్యాంక్ మన కాళ్ల మీదుగా ఉండే కారులో పెట్రోల్ వాసనను ఒక్క రోజు కూడా ఉపేక్షించకూడదు.

హోసుల విషయంలో మాత్రం నేను మొండిగా ఉంటాను. ఇథనాల్‌ను తట్టుకునేవని మీద ముద్ర ఉన్నవే వాడండి, ఎస్‌ఏఈ (వాహన ఇంజినీర్ల సంస్థ) ప్రమాణం జె30 ఆర్9 రకం అలాంటిది. పైన గుడ్డ అల్లిక ఉన్న పాత రకం హోస్ లోపల పగిలినా బయటికి కనిపించదు. బీటిల్స్ అంటుకుపోయాయన్న మాట వింటే నేను ముందు అనుమానించేది ఇంజిన్ గదిలోని ముదిరిన హోస్‌ను, అక్కడే వేలాడే ప్లాస్టిక్ ఫిల్టర్‌నే. నేను ఫిల్టర్‌ను ఇంజిన్ గదిలోంచి తీసి ముందు, ట్యాంక్ కింద పెట్టుకున్నాను.

ఇంకో దారి ఉందా అంటే ఉంది. అల్యూమినియం ట్యాంక్ చేయించాలని నేనూ ఆలోచించాను. ఎర్రతుప్పు పట్టదు నిజమే. కానీ ఇథనాల్‌తో కలిసిన నీరు దానికీ గుంటలు చేస్తుంది, కుదుపులకు వెల్డింగ్ దగ్గర బీటలు వారుతుంది, లోపల అడ్డగోడలు పెట్టకపోతే పెట్రోల్ అలలా కొట్టుకుంటుంది. రేసింగ్ కార్ల రబ్బరు సంచి రకం ట్యాంకులకు గడువు ఉంటుంది. ఎఫ్‌ఐఏ (అంతర్జాతీయ మోటార్ రేసింగ్ సంస్థ) గుర్తింపు ఉన్నవాటికి మామూలుగా ఐదేళ్లు. రోజువారీ కారుకు అది నాకు అనవసరం అనిపించింది.

కొత్త ట్యాంక్ దొరకని కార్లవాళ్లకు నా కథ సరిపోదని తెలుసు. వాళ్లు పాతదాన్ని కాపాడక తప్పదు. అలాంటప్పుడు నా సలహా దొర్లించడం కాదు, కోసి తెరిచి శుభ్రం చేయించడం. అనుభవం ఉన్న టింకరింగ్ మేస్త్రీ చేత, ఆవిరి పోగొట్టాక, ఒక పక్క కిటికీలా కోయించి, లోపల అతుకులన్నీ కంటితో చూసి, మళ్లీ మూయించాలి. వాషింగ్ సోడా కలిపిన నీటిలో బ్యాటరీ చార్జర్‌తో తుప్పు వదిలించే పద్ధతి కూడా బాగా పనిచేస్తుంది. ట్యాంకుకు నెగటివ్, లోపల గోడకు తగలకుండా వేలాడదీసిన మామూలు ఇనుప కడ్డీకి పాజిటివ్. స్టెయిన్‌లెస్ కడ్డీ వాడితే విషపూరితమైన క్రోమియం నీటిలోకి దిగుతుంది, వద్దు. పని జరుగుతున్నంతసేపు హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఇదీ ఆరుబయటే.

కిందటి నెల సన్నని కెమెరా దింపి చూశాను. అడుగు రేకు ఇంకా మెరుస్తోంది. మెడ కింద, పెట్రోల్ తగలని పైభాగంలో, చిటికెన వేలి గోరంత చోట గోధుమరంగు మచ్చ కనిపించింది. ఫోటో తీసి తేదీ వేసుకున్నాను. కారు కొన్ని వారాలు కదలదనుకుంటే ట్యాంక్ నింపి పెడుతున్నాను, లోపల తేమకు చోటు తక్కువగా ఉంటుందని. ఆరు నెలలకు మళ్లీ కెమెరా దింపి ఆ మచ్చను ఫోటోతో పోల్చి చూస్తాను.