మైకు లేని చోట సింగిల్ కోన్ రెజొనేటర్ గిటార్

మైకు, ఆంప్లిఫైయర్ రెండూ లేకుండా, జనం కిక్కిరిసి మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ, పాటకు కాళ్లు ఆడిస్తూ ఉండే చిన్న గదిలో బ్లూస్ (ఆఫ్రికన్ అమెరికన్ల సంప్రదాయ సంగీతం) వాయించడానికి లోహపు బాడీ, ఒకే కోన్ (తీగల కంపనాన్ని పెద్ద శబ్దంగా మార్చే శంకు ఆకారపు పలుచని లోహపు రేకు), బిస్కెట్ బ్రిడ్జి (తీగల కంపనాన్ని కోన్‌కు అందించే చిన్న చెక్క బిళ్ల) ఉన్న రెజొనేటర్ గిటార్‌ను మించినది నాకు కనిపించలేదు. దాని పెద్ద శబ్దమే అందుకు కారణమని చాలామంది చెబుతారు కానీ, శబ్దం ఎంత అన్నదానికంటే అది ఎలా పుట్టి ఎలా ఆగుతుందన్నదే ఇక్కడ ముఖ్యమని నా అభిప్రాయం.

ఈ వాద్యం పుట్టిందే గట్టిగా వినిపించడానికి. ఎలక్ట్రిక్ గిటార్లు ఇంకా రాని రోజుల్లో, బ్యాండులోని ఇతర వాద్యాల హోరులో తన గిటార్ మునిగిపోతోందని, గట్టిగా మోగేది కావాలని గిటార్ వాద్యకారుడు జార్జ్ బీచమ్ పట్టుబట్టగా వాద్యాల తయారీదారు జాన్ డోపియేరా రూపొందించిన మూడు కోన్ల గిటార్‌ను నేషనల్ కంపెనీ 1927లో అమ్మకానికి తెచ్చింది. ఆ తర్వాత వచ్చిన ఒంటి కోన్ రకం దానికంటే చౌక కావడంతో బ్లూస్ గాయకులకు అందుబాటులోకి వచ్చింది. వారిలో టాంపా రెడ్ మూడు కోన్ల రకాన్ని ఎంచుకోగా, బుకా వైట్, మలి వయసులో సన్ హౌస్ ఒంటి కోన్ రకాన్ని వాయించారు. మూడు కోన్ల నాదం మృదువైనది, ఎక్కువసేపు నిలిచేది. నిశ్శబ్దంగా వినే సభలో నేనూ దానినే కోరుకుంటాను.

సందడి ఉన్న గదిలో లెక్క మారుతుంది. తీగల కంపనం చిన్న చెక్క బిస్కెట్ గుండా సుమారు 9.5 అంగుళాల వెడల్పున్న పలుచని అల్యూమినియం కోన్‌కు చేరుతుంది. ఆ కోన్ తేలికైనది కాబట్టి, అందిన శక్తిని ఒక్కసారిగా గాలిలోకి విసిరి, స్వరాన్ని త్వరగా ముగిస్తుంది. ఈ కురచదనాన్ని కొందరు లోపంగా చూస్తారు. బొటనవేలితో బేస్ తీగలను లయ తప్పకుండా మీటుతూ పై తీగల మీద పాటను నడిపే వాయింపులో మాత్రం అదే పెద్ద బలం, ఎందుకంటే ఒక దెబ్బ మరో దెబ్బలో కలిసిపోకుండా ప్రతి తాళమూ చివరి వరుస దాకా విడివిడిగా చేరుతుంది. పెద్ద బాడీ చెక్క గిటార్లు వాయించేవారి ఒళ్లో గంభీరంగా మోగుతాయి కానీ, వాటి బేస్ జనం మాటల్లో కలిసిపోయి, నాలుగడుగులు దాటాక నాదం పలచబడుతుంది.

దీనితో వచ్చే అసలు చిక్కు పాడేటప్పుడు తెలుస్తుంది. ఈ గిటార్ బలమంతా మనిషి గొంతు పలికే మధ్యస్థాయిలోనే ఉంటుంది కాబట్టి, పాడుతూ ఉన్నంతసేపు పూర్తి బలంతో మీటితే మాటలు ఎవరికీ వినిపించవు. పన్నెండు బార్ల (తాళపు ఆవర్తాల) బ్లూస్‌లో ప్రతి పాదానికీ నాలుగు బార్లుంటే, గొంతు సాధారణంగా మొదటి రెండింటిని తీసుకుంటుంది; అక్కడ చేతిని తగ్గించి, మిగిలిన రెండింటిలో స్లైడుతో (వేలికి తొడిగి తీగల మీద జార్చే గొట్టంతో) గట్టిగా జవాబు చెప్పాలి. ఈ పద్ధతి అలవడితే గది ఎంత గోలగా ఉన్నా పాట నిలబడుతుంది.

తీగలు 13 గేజ్ (అన్నింటికంటే సన్నని తీగ మందం 0.013 అంగుళాలు) నుంచి మొదలయ్యే సెట్టుకు తగ్గకూడదు. పలుచని తీగలు కోన్‌ను చాలినంత నొక్కవు. ఓపెన్ జి ట్యూనింగ్‌లో (తీగలను నొక్కకుండా మీటినా జి కార్డు పలికేలా చేసే శ్రుతిలో) కొన్ని తీగల బిగువు తగ్గుతుంది కనుక ఇంకా లావువి వేయడం మేలు. వేళ్లకు లోహపు పిక్కులు తొడిగితే స్పష్టత బాగా పెరుగుతుంది, అయితే ఒక హద్దు దాటి బలంగా మీటితే శబ్దం పెరగదు, కోన్ గరగరలాడుతుంది. శబ్దం ఎక్కువగా ముందుకే వెళ్తుంది కాబట్టి శ్రోతలందరూ ఎదురుగా ఉండేలా, వెనుక తెర లేని గట్టి గోడ ఉండేలా కూర్చోవాలి. ఎదుటి వరుసవారికి మాత్రం నాదం కాస్త పదునుగానే తగులుతుంది.

ఈ గిటార్ బరువు భుజాన్ని అలసిస్తుంది. సున్నితమైన, నెమ్మదైన పాటలకు ఇది ఒదగదు. కోన్‌ను కప్పి ఉండే కవర్ ప్లేటు మరలు వదులైనా, కోన్ తన గూటిలో సరిగ్గా కూర్చోకపోయినా జుయ్యిమనే చప్పుడు మొదలవుతుంది. కోన్‌ను చోటు కదలకుండా పట్టి ఉంచేది తీగల ఒత్తిడే కనుక, తీగలు మార్చేటప్పుడు అన్నింటినీ ఒకేసారి విప్పకుండా ఒక్కొక్కటిగా మార్చుకోవాలి.