ఆరేళ్ళు ఫారెక్స్ కార్డు వాడాక: ఎక్కడ మిగిలింది, ఎక్కడ కోసింది

కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలన్నది) అడక్కుండా రొయ్య రేటు మాట్లాడని భీమవరం వాళ్ళు కూడా దుబాయ్ దిర్హాలు కొనేటప్పుడు "రేటెంత?" అని అడిగి ఊరుకుంటారు. అడగాల్సింది అది కాదు. "2,000 దిర్హాలు నా చేతిలో పెట్టడానికి అన్నీ కలిపి ఎన్ని రూపాయలు తీసుకుంటారు?" అని అడగాలి.

వచ్చిన అంకెను గూగుల్‌లో కనబడే మార్కెట్ రేటుతో సరిచూడండి. లెక్క కోసం దిర్హం 24 రూపాయలనుకుందాం, 2,000కి 48,000. కొట్లో 24.60 చెబితే 49,200. తేడా 1,200, అంటే రెండున్నర శాతం. జీఎస్టీ దీనిపైన. లక్ష లోపు మారకమైతే మొత్తంలో 1 శాతాన్ని విలువగా పట్టి, దాని మీద 18 శాతం వేస్తారు. ఇక్కడ 89 రూపాయలవుతుంది. ఎంత చిన్న మారకానికైనా 45కి తగ్గదు. "ట్యాక్సులండీ" అంటూ ఐదొందలు కలిపితే బిల్లు చూపించమనండి. శని, ఆదివారాల్లో మార్కెట్ మూత కాబట్టి మార్జిన్ పెంచి చెబుతారు. వారం మధ్యలో కొనండి.

ఇక ఫారెక్స్ కార్డు, అంటే ముందే విదేశీ కరెన్సీ వేయించుకుని అక్కడ గీకే కార్డు. అమలాపురం, నరసాపురం వైపు గల్ఫ్ రాకపోకలున్న ఇళ్ళకు ఇది మంచిదే. డబ్బు వేసిన రోజు రేటే ఖాయం. తర్వాత రూపాయి పడినా మనకు తగలదు, పెరిగినా కలిసిరాదు. కానీ కార్డు కదా అని మార్కెట్ రేటే ఇస్తారనుకోవద్దు. కార్డులో డబ్బు వేసేటప్పటి రేటులో బ్యాంకు తన వాటా ముందే కలిపేసుకుంటుంది. పెద్ద మొత్తమైతే రెండు చోట్ల అడిగి బేరమాడండి, పైసల్లోనైనా దిగుతారు.

అసలు దెబ్బ తగిలేది డాలర్లు వేసుకుని దుబాయ్‌లో గీకినప్పుడు. డాలరుకు 3.6725 దిర్హాలు అన్నది 1997 నుంచీ కదలని లెక్క, కాబట్టి ఏదైనా ఒకటే అనిపిస్తుంది. చాలా కార్డులకు ఆ సంగతి పట్టదు, ఒక కరెన్సీని ఇంకోదానిలోకి మార్చినందుకు క్రాస్ కరెన్సీ చార్జీ కోసేస్తాయి. ఏ దేశానికి వెళ్తే ఆ కరెన్సీయే వేయించాలి. కువైట్ వెళ్ళేవాళ్ళు కార్డులో దినార్ ఉందో లేదో ముందే కనుక్కోవాలి.

ఏటీఎంలో తీసిన ప్రతిసారీ చాలా కార్డులకు చార్జీ పడుతుంది, అందుకని వందా రెండొందలూ కాకుండా వారానికి సరిపడా ఒకేసారి తీయండి. మామూలు ఇండియా డెబిట్, క్రెడిట్ కార్డులకు ఇంకో ఉచ్చుంది. తెర మీద "రూపాయల్లో కోయమంటారా?" అని మర్యాదగా అడుగుతుంది. వద్దనండి. అక్కడి కరెన్సీయే నొక్కండి. రూపాయలు ఎంచుకుంటే రేటు ఆ మెషీన్ వాళ్ళ ఇష్టం. కొట్లో స్వైపింగ్ మెషీన్ దగ్గరా ఇదే వరస, పైగా అక్కడ బటన్ కొట్టువాడే నొక్కేస్తాడు. స్లిప్పులో రూపాయి అంకె కనబడితే రద్దు చేయించి మళ్ళీ గీకించండి. మార్కప్ (విదేశీ ఖర్చు మీద బ్యాంకు వేసే అదనపు చార్జీ) 3.5 శాతం ఉన్న క్రెడిట్ కార్డుకు దాని మీద జీఎస్టీ కలిస్తే 4.13 శాతం పడుతుంది. హోటల్ డిపాజిట్‌కు మాత్రం క్రెడిట్ కార్డే ఇవ్వండి. ఫారెక్స్ కార్డు ఇస్తే ఆ డబ్బు కొన్నాళ్ళు ఇరుక్కుపోతుంది.

నోట్లు రెండు మూడు రోజుల ఖర్చుకు చాలు. ఎక్కువ దేశాలకు ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల విలువకు మించి నోట్లివ్వరు. 50,000 రూపాయలు, ఆపైన నగదుగా కట్టించుకోరు, బ్యాంకు ద్వారానే కట్టాలి. విమానాశ్రయం కౌంటర్ చివరి దిక్కు మాత్రమే. గల్ఫ్ నుంచి దిగిన పక్కింటాయన దగ్గర దినార్లు కొనడం కోనసీమలో మామూలే గానీ, ఫెమా (విదేశీ మారకపు చట్టం) ప్రకారం అది తప్పు. రసీదూ ఉండదు.

తిరిగొచ్చాక మిగిలిన నోట్లలో 2,000 డాలర్ల విలువ వరకు ఉంచుకోవచ్చు, మిగతాది 180 రోజుల్లో మార్చేయాలి. కార్డులో మిగిలింది వెనక్కి తీసుకుంటే బ్యాంకు తను కొనే రేటు కడుతుంది, అది మనకు అమ్మే రేటు కంటే తక్కువ, అంటే పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ కోతే. మళ్ళీ ప్రయాణముంటే అందులోనే ఉంచండి, కాకపోతే వాడని కార్డుకు చార్జీ ఎప్పట్నుంచి వేస్తారో అడిగి పెట్టుకోండి. నాణేలు ఇక్కడ ఎవరూ తీసుకోరు. అక్కడి విమానాశ్రయంలోనే నీళ్ళ సీసాకో కాఫీకో వదిలించుకోండి.