విశాఖ ఎయిర్‌పోర్టు: గాజువాక నుంచి ఏళ్లుగా వాడుతున్నవాడి సమీక్ష

మన ఎయిర్‌పోర్టుకి నేనిచ్చే మార్కుల్లో సగం అది ఉన్న చోటుకే పోతాయి. ఎన్‌ఏడీ కొత్తరోడ్డు దాటి గాజువాక వైపు కాస్త వస్తే హైవే పక్కనే గేటు. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి చూసినా, రైల్వేస్టేషన్ నుంచి చూసినా సుమారు 12 కిలోమీటర్లు. శంషాబాద్‌లో దిగినవాడు కూకట్‌పల్లి చేరేలోగా ఇక్కడ దిగినవాడు ఇంటికెళ్లి స్నానం చేసి అన్నం తినేయొచ్చు. ఉద్యోగం పని మీద హైదరాబాద్, చెన్నై తిరిగేవాళ్లకి ఆ గంటన్నర ఎంత విలువో వేరే చెప్పక్కర్లేదు. భోగాపురం కొత్త విమానాశ్రయానికి సర్వీసులన్నీ వెళ్లిపోయేలోగా, ఇన్నాళ్లు వాడినవాడిగా దీని మంచీ చెడ్డా రాసి పెట్టాలనిపించింది.

ముందు తెలుసుకోవాల్సింది, ఇది నేవీ వాళ్ల స్థావరం. పేరు ఐఎన్‌ఎస్ డేగ. రన్‌వే వాళ్లది, విమానాల రాకపోకల్ని నియంత్రించే ఏటీసీ వాళ్లది. మనం వాడే టెర్మినల్ మాత్రం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీది. ఇక్కడి ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఇదే. సివిల్ విమానాలు నేవీ ఇచ్చిన వేళల్లోనే నడవాలి. తలుపులు మూసేశాక కూడా విమానం కదలకుండా నిలబడిందంటే, నేవీ విమానాలు ఎగరడమో దిగడమో అవుతుండొచ్చు. 2023 చివర్లో రన్‌వే పనుల కోసం కొన్ని నెలలు రాత్రిళ్లు మూసేస్తే, పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే అలవాటున్న మాలాంటివాళ్లం అక్కడే హోటల్‌లో పడుకోవాల్సి వచ్చింది. ఇంకో సంగతి: ఫొటోలు తియ్యకండి. రన్‌వే మీద, దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు నిషేధం. విమానంలో ఆ మాట చెబుతారు, చాలామంది వినిపించుకోరు. సరదాగా తీసిన వీడియోతో భద్రతా సిబ్బంది ముందు నిలబడాల్సి రావచ్చు.

ఫోన్ లోపల పెట్టేసి కిటికీలోంచి చూడండి. విమానం సముద్రం వైపు నుంచి దిగితే ఎడమ కిటికీ దొరికినవాళ్లు అదృష్టవంతులు. హైదరాబాద్ నుంచి వచ్చే విమానం కూడా చాలాసార్లు ఊరు దాటి నీళ్ల మీదికి వెళ్లి వెనక్కి తిరుగుతుంది. ముందు యారాడ కొండ, డాల్ఫిన్ నోస్ కనిపిస్తాయి. ఆ పక్కన హార్బర్‌లో ఓడలు, క్రేన్లు, తర్వాత మల్కాపురం వైపు రిఫైనరీ గొట్టాలు. అంతలోనే చక్రాలు నేలకి తగులుతాయి. ఈ దృశ్యం భోగాపురంలో దొరకదు. నాకు అన్నిటికంటే బెంగ దీని గురించే.

టెర్మినల్ చిన్నది. 2009లో కట్టింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు పైకప్పు లేచిపోయింది. కొద్దిరోజులకే మళ్లీ విమానాలు నడిపారు. చిన్నది కావడం వల్ల నడక తక్కువ. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకెళ్లేవాళ్లకి ఇది పెద్ద వరం. కానీ రెండు మూడు విమానాలు ఒకేసారి పడితే సెక్యూరిటీ దగ్గర క్యూ బారెడవుతుంది, గేట్ల దగ్గర కూర్చోడానికి కుర్చీ ఉండదు. 2024 నుంచి డిజియాత్ర ఉంది, అంటే ముఖం గుర్తుపట్టి లోపలికి పంపే పద్ధతి. దేశంలోపల తిరిగేవాళ్లు ఇంట్లోనే రిజిస్టర్ చేసుకుని వెళ్తే గుమ్మం దగ్గర ఆగే పని తగ్గుతుంది. లోపల తిండి ఖరీదెక్కువ, రుచి అంతంతమాత్రం. నేనైతే ఇంట్లోనో, ఎన్‌ఏడీ దగ్గర టిఫిన్ సెంటర్లోనో తినేసే వెళ్తాను.

విదేశాలకి వెళ్లే విమానం ఉన్న రాత్రి ఇక్కడ బయట చూడాలి. శ్రీకాకుళం, పలాస, పార్వతీపురం నుంచి కార్లు వేసుకుని ఇంటిల్లిపాదీ దిగుతారు. కౌంటర్ దగ్గర బరువెక్కువైందని చెప్పగానే కొడుకు సూట్‌కేస్ బయటికి తెచ్చి నేలమీద తెరుస్తాడు. వాళ్లమ్మ చేగోడీల డబ్బా తీస్తుంది, ఆవకాయ మాత్రం తియ్యనివ్వదు. ఇలాంటివాళ్లకి నేను చెప్పేది ఒకటే: తూకం ఇంట్లోనే చూసుకోండి, పచ్చడిని చేతి సంచిలో పెట్టకండి. సింహాచలం నుంచి నేరుగా వచ్చేవాళ్లు కొబ్బరికాయ సంగతి చూసుకోవాలి. కొట్టని కాయని చేతి సంచిలో రానివ్వరు, ఎండుకొబ్బరి మీదా నిషేధం ఉంది. దర్శనం అయ్యాక కొట్టిన చిప్పలు అందరికీ పంచేసి, ప్రసాదం మాత్రం పట్టుకెళ్లండి.

రాకపోకల సంగతి. ఒకటే బ్యాగుంటే టెర్మినల్ నుంచి నడిచి హైవే మీదికి వచ్చేయండి. గాజువాక వైపూ, కాంప్లెక్స్ వైపూ సిటీ బస్సులూ షేర్ ఆటోలూ వస్తూనే ఉంటాయి. సామాను ఎక్కువుంటే ప్రీపెయిడ్ టాక్సీ నయం. బయట బేరమాడే ఆటోవాళ్లు కొత్త ముఖం కనిపిస్తే రేటు పెంచుతారు, నా చుట్టాల దగ్గర ఎన్‌ఏడీ దాకా అడిగిన డబ్బుతో కాంప్లెక్స్ వెళ్లొచ్చు. ఫ్లైఓవర్ వచ్చాక ఎన్‌ఏడీ దగ్గర నరకం తగ్గింది. గాజువాక నుంచి వచ్చేవాళ్లకి అసలు ఇబ్బంది షీలానగర్ దగ్గర. పోర్టు రోడ్డు అక్కడే కలుస్తుంది, కంటైనర్ లారీలు బారులు తీరతాయి. స్టీల్‌ప్లాంట్ షిఫ్టు మారే వేళ అయితే ఇంకో అరగంట కలుపుకోండి. ఆషాఢ పౌర్ణమి ముందు సింహాచలం గిరి ప్రదక్షిణ జరిగేటప్పుడు మరీ జాగ్రత్త. 32 కిలోమీటర్ల ఆ దారి ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగానే వెళ్తుంది, లక్షలమంది నడుస్తారు. ఆ పూట విమానముంటే మధ్యాహ్నమే చేరిపోండి.

విమానానికి నాలుగైదు గంటల వ్యవధి ఉంటే ఎయిర్‌పోర్టులో కూర్చోవద్దు. దగ్గర్లో ఉన్నది సింహాచలం అప్పన్న సన్నిధే, గోపాలపట్నం మీదుగా వెళ్లిరావచ్చు. బీచ్‌రోడ్డు ఇష్టమైతే కురుసుర సబ్‌మెరైన్ చూడండి, సోమవారం సెలవు. సాయంత్రమైతే ఆర్కే బీచ్‌లో ఓ పొట్లం మూరీ (మరమరాల) మిక్స్‌చర్. అరకు కాఫీపొడి, తేనె జీసీసీ (గిరిజన సహకార సంస్థ) దుకాణంలో, మాడుగుల హల్వా ఊళ్లోనే కొనుక్కోండి.

ఇక భోగాపురం. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన ఆ విమానాశ్రయం విజయనగరం జిల్లాలో ఉంది, 2023 మే 3న శంకుస్థాపన అయింది, జీఎంఆర్ కడుతోంది. రన్‌వే 3,800 మీటర్లు, ఇక్కడున్నది 3,050. నేవీ వేళలతో పని లేదు, పెద్ద విమానాలు వస్తాయి, శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి దారి తగ్గుతుంది. వాళ్లకి ఈ సుఖం ఎప్పుడో రావాల్సింది. నష్టం గాజువాక, అనకాపల్లి, పరవాడ వైపు వాళ్లది. ఇంటి నుంచి ఇరవై నిమిషాల్లో చేరేవాళ్లం ఊరు మొత్తం దాటి వెళ్లాలి. టికెట్ కొనేటప్పుడు ఏ విమానాశ్రయమో ఒకటికి రెండుసార్లు చూసుకోండి. మా వైపు నుంచి వెళ్లేవాళ్లు మద్దిలపాలెం, మధురవాడ ట్రాఫిక్‌లో ఇరుక్కోకుండా, అనకాపల్లి నుంచి పెందుర్తి మీదుగా ఆనందపురం వెళ్లే ఆరు వరసల బైపాస్ పట్టుకోండి. అక్కడి నుంచి తగరపువలస మీదుగా భోగాపురం దాకా హైవేనే.