మేడ మీద ట్యాంకా, ప్రెషర్ పంపా: ఐదంతస్తుల భవనానికి ఏది మేలు?

విజయవాడలో అపార్ట్‌మెంట్ కట్టేవాళ్లు ఈమధ్య తరచూ అడుగుతున్నారు: మేడ మీద ట్యాంకు మానేసి, సంపు నుంచే ప్రెషర్ పంపుతో ఇంటింటికీ నీళ్లు ఇస్తే పోదా అని. నా మాట ట్యాంకు వైపే. అయినా ట్యాంకు నీళ్లు సన్నగా వస్తాయన్న పై అంతస్తువాళ్ల ఫిర్యాదును కొట్టిపారేయలేం.

పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీటికి సుమారు ఒక కిలో ప్రెషర్ (చదరపు సెంటీమీటరుకు ఒక కిలో ఒత్తిడి) ఉంటుంది. ట్యాంకు అడుగుభాగం శ్లాబు కంటే రెండు మీటర్ల ఎత్తులో ఉన్నా, అయిదో అంతస్తు షవర్‌కు దక్కే ఎత్తు మూడు మీటర్లే. అంటే 0.3 కిలో. అదే మొదటి అంతస్తుకు 1.5 కిలో. ఆపైన అందరికీ ఒకే డౌన్‌లైన్ (ట్యాంకు నుంచి కిందికి దిగే గొట్టం) వేస్తారు. పొద్దున ఏడింటికి కింద రెండు కుళాయిలు తిప్పారో లేదో, పైన షవర్ ధార సన్నబడి ఆగిపోతుంది.

ప్రెషర్ పంపుతో ఈ తేడా ఉండదు. శ్లాబు మీద పది టన్నుల బరువూ తప్పుతుంది, మే నెలలో కుళాయి తిప్పితే సలసలకాగే నీళ్లూ రావు. కానీ కరెంటు పోయి, జనరేటర్ కూడా లేకపోతే భవనమంతటికీ చుక్క నీరు రాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు చూశాం కదా! కరెంటు లేదు, మునిగిన సంపుల్లో వరద నీరు. మేడ మీద ట్యాంకులో ఉన్న నీళ్లే అప్పటికి దిక్కు.

అందుకే ట్యాంకు ఉంచి, పై రెండు అంతస్తులకు దాని నుంచే వేరే లైను వేయించి, ప్రెషర్ పెంచే చిన్న బూస్టర్ పంపు పెట్టించండి. పంపు పక్కనుంచి బైపాస్ గొట్టం, దానికో నాన్ రిటర్న్ వాల్వ్ (నీళ్లను వెనక్కి పోనివ్వని వాల్వ్) తప్పనిసరి. కరెంటు పోయినా నీళ్లు సన్నగానైనా దిగుతాయి. ఇరవై ఫ్లాట్లు, ఇంటికి నలుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు అనుకుంటే 10,800 లీటర్లు కావాలి. ట్యాంకును రెండు గదులుగా కట్టిస్తే ఒకటి కడిగేటప్పుడు రెండోది నడుస్తుంది. బూస్టర్ లైనుకు కింది ఫ్లాట్లను కలపవద్దని ప్లంబరుకు గట్టిగా చెప్పండి. కలిపితే పంపు తోసిన నీళ్లు ముందు కిందికే పోతాయి.